పుష్యమాసంలో పనసకాయలు: పాత కార్డుల కట్ట విప్పడం ఎలా

చీపురుపల్లి దగ్గర పల్లెలో మా అత్తవారింటి వీధి గుమ్మం పక్కన ఒక ఇనుప తీగ వేలాడేది. పైన కొక్కెం, అడుగున చెక్క బిళ్ళ. వచ్చిన ప్రతి పోస్టుకార్డునీ చదివి దానికి గుచ్చడం మా మావగారి అలవాటు. ఇల్లు అమ్మినప్పుడు బంగారం తోడికోడలికి వెళ్ళింది, తీగ నాకొచ్చింది. నేనేమీ అనలేదు. లెక్కపెడితే 214 కార్డులున్నాయి. మీ అటక మీదా ఇలాంటి కట్ట ఉంటే, నేను చేసిన తప్పులు మీరు చెయ్యకుండా చెబుతాను.

మొట్టమొదట, తడిగుడ్డ పట్టుకోకండి. నేను పట్టుకున్నాను. అప్పట్లో చాలామంది కాపీయింగ్ పెన్సిల్‌తో రాసేవారు. చూస్తే మామూలు పెన్సిలు రాతే, తేమ తగిలితే మాత్రం వంగపండు రంగులో ఊరిపోతుంది. ఒక పెళ్ళిచూపుల కబురు అలా నా చేతుల్లోనే పోయింది. "పిల్ల బాగుంది గానీ" వరకే మిగిలింది. పొడి మెత్తటి బ్రష్షు చాలు. చిరిగినచోట సెల్లో టేపు వద్దు, లామినేషన్ అసలే వద్దు. తీగ మీంచి ఒక్కొక్కటే తీస్తూ, మూలన మెత్తటి పెన్సిలుతో నంబరు వెయ్యండి. అన్నిటికన్నా అడుగున ఉన్నదే పాతది, ఆ వరస పోతే మళ్ళీ రాదు.

తీగ చేసిన చిల్లు తరచూ మాట మధ్యలో పడుతుంది. మా కట్టలో ఒక అల్లుడుగారు అడిగిన రూపాయల అంకె మీదే పడింది. మావగారు కావాలనే అక్కడ గుచ్చారని నా అనుమానం.

ఇక తేదీ. దీనికి ఓపిక కావాలి, ఎందుకంటే తేదీ తెలియకపోతే సగం హాస్యం అర్థం కాదు. ముద్ర కనబడితే గొడవలేదు. ఫోన్ కెమెరాని కిటికీ పక్కన పెట్టి, వెలుగు ఏటవాలుగా పడేలా ఫొటో తీస్తే అరిగిన ముద్ర కూడా కొంత తేలుతుంది. తేలకపోతే ధర చూడండి. మన దేశంలో పోస్టుకార్డు 1879 జూలై 1న పావు అణాకి మొదలైంది. అణాల్లో ధర ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందు అచ్చయిన కార్డు. నయాపైసలు 1957 నుంచి, ఆ "నయా" ఊడిపోయింది 1964లో. పిన్‌కోడ్ రాసి ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది.

చిరునామాలో జిల్లా పేరు ఇంకా బాగా పట్టిస్తుంది. "చీపురుపల్లి, శ్రీకాకుళం జిల్లా" అని ఉంటే అది 1950కీ 1979కీ మధ్యది. విజయనగరం జిల్లా పుట్టింది 1979 జూన్ 1న కదా. మా మావగారి అక్కగారు మాత్రం ఆ తర్వాత పదేళ్ళు కూడా శ్రీకాకుళం జిల్లా అనే రాశారు. కాబట్టి ఒక్క ఆధారాన్నే నమ్మకండి. పెద్దవాళ్ళు తేదీకి బదులు "శుభకృత్ సం." అని ఊరుకుంటారు. అది 1902 కావచ్చు, 1962 కావచ్చు. కార్డు మీద నయాపైసలుంటే రెండోదే.

ఇప్పుడు చదవడం. పోస్టుకార్డు అంటే తలుపుల్లేని ఇల్లు. పోస్టుమాన్ చదువుతాడు, అరుగు మీద కూర్చున్నవాళ్ళు వింటారు. రాసేవాళ్ళకీ ఆ సంగతి తెలుసు. అందుకని ప్రతి కార్డునీ చదివేముందు, ఇది ఎవరి చెవిన పడాలని రాశారో ఆలోచించండి. 63వ నంబరు కార్డులో మా ఆడపడుచు చివర్న ఇలా రాసింది: "పోస్టుమాన్ బాబూ, ఎలాగూ చదివేసుంటావు, మా అమ్మకి కాస్త గట్టిగా వినిపించు, ఆవిడకి చెవులు మందం."

కొన్ని చోట్ల హాస్యం జాగా సరిపోకనే పుడుతుంది. "గేదె ఈనింది, పెయ్యదూడ. చెల్లికి మగపిల్లాడు. పాలు మూడు శేర్లు ఇస్తోంది. ఇద్దరూ క్షేమం." ఏ ఇద్దరో మీరే అనుకోండి. అసలు విషయం అంచుల చుట్టూ తలకిందులుగా ఉంటుంది, కార్డు తిప్పి తిప్పి చదవాలి.

ఇక పనసకాయల కథ. ఖరగ్‌పూర్ రైల్వేలో ఉన్న మా చినమావగారు రాసిన కార్డు: "అన్నయ్యా, పనసకాయలు అయిదు తొందరగా పంపితే గడుస్తుంది." ఆప్యాయత అనుకుని పక్కన పెట్టేశాను. తర్వాత ముద్ర చూస్తే 1961 జనవరి మొదటి వారం. అత్తగారికి చదివి వినిపించాను, ఆవిడ పగలబడి నవ్వారు.

"ఓలమ్మో, పుష్యమాసంలో పనసకాయలేటే! కాయంటే పది రూపాయలు. మీ మావ వెంటనే మనియార్డరు కట్టీనారు."

ఇలాంటి గుట్లు కార్డులో ఉండవు, తెలిసినవాళ్ళ నోట్లో ఉంటాయి. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళుంటే దగ్గర కూర్చుని వరసగా చదివి వినిపించండి, ఫోన్‌లో రికార్డు పెట్టుకోండి. మధ్యలో ఎవరు ఎవరికి ఏమవుతారో దెబ్బలాడుకుంటారు, అదీ రికార్డవనివ్వండి.

ఆ రోజే అత్తగారిని ఇంకోటి అడిగాను. 88వ కార్డుకీ 89వ కార్డుకీ మధ్య రెండు నెలలు ఖాళీ ఉంది, ఒక్క కార్డూ లేదు. ఎరువుల ధర దగ్గర్నుంచి ఎలుకల బెడద దాకా అన్నీ రాసుకున్న ఈ ఇంట్లో చావు కబురు ఒక్కటైనా లేదేమిటని.

"అలాటివి ఇంట్లో ఉంచుతారేటే. గుమ్మం బయటే చదివి చింపీసేవోళ్ళం."

88 తర్వాత ఒక తెల్లకార్డు పెట్టాను. దానికి నంబరు వెయ్యలేదు.