అమెరికాలో కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ ఇచ్చి పన్ను మినహాయింపు పొందడం ఎలా?

కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ అంటే భూమిని కాపాడేందుకు దాని వాడకంపై శాశ్వత షరతులు పెడుతూ రాసిచ్చే దస్తావేజు. అది ఇచ్చాక కూడా భూమి మీ పేరునే ఉంటుంది. సాగు చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు, పిల్లలకు రాసివ్వచ్చు. ప్లాట్లు వేసి ఇళ్లు కట్టే హక్కును మాత్రం ల్యాండ్ ట్రస్టుకో (భూములను కాపాడే సేవా సంస్థ) ప్రభుత్వ సంస్థకో శాశ్వతంగా వదులుకుంటారు. ఆ హక్కు విలువను ఫెడరల్ పన్ను చట్టంలోని 170(హెచ్) సెక్షన్ కింద దానంగా లెక్కిస్తారు. ముప్పై ఏళ్ల గడువు పెట్టి రాస్తే మినహాయింపు రాదు. మీ తర్వాతి యజమానులందరూ దీనికి కట్టుబడాలి కాబట్టి ముందుగా ఇంట్లో అందరితో మాట్లాడండి.

1. భూమికి అర్హత ఉందో లేదో చూడండి. ఖాళీగా ఉంటే చాలదు. వన్యప్రాణులకు ఆవాసమో, ప్రజలకు మేలు చేసే సాగుభూమో అడవో, చారిత్రక స్థలమో, జనం వచ్చి తిరిగే చోటో అయి ఉండాలి. కొని ఏడాది దాటకపోతే మినహాయింపు మీరు పెట్టిన ఖర్చుకు మించదు.

2. ట్రస్టును ఎంచుకోండి. షరతులు అమలు చేయించే స్తోమత దానికి ఉండాలి. ఏటా వచ్చి భూమి చూసుకునే ఖర్చుకు చాలా ట్రస్టులు కొంత విరాళం అడుగుతాయి.

3. భూమి తనఖాలో ఉంటే, దస్తావేజు రిజిస్టరు కాకముందే బ్యాంకు తన హక్కును ఈజ్‌మెంట్ తర్వాతి స్థానానికి తగ్గించుకుంటూ రాసివ్వాలి. ఎక్కువమంది దెబ్బతినేది ఇలాంటి కాగితాల దగ్గరే. కొలరాడోలో ఒక కుటుంబం 2003లో దస్తావేజు రాసి, అప్పిచ్చిన వ్యక్తి నుంచి ఈ కాగితం 2005లో తెచ్చుకుంది. మినహాయింపు మొత్తం పోయింది; 2015లో అప్పీలు కోర్టు కూడా కనికరించలేదు.

4. భూమి ఇప్పుడున్న స్థితిని మ్యాపులు, ఫొటోలతో నివేదికగా రాయించి, దస్తావేజు నాటికే సిద్ధంగా ఉంచుకోండి.

5. అర్హత గల అప్రైజర్‌తో (ఆస్తి విలువ కట్టే నిపుణుడు) విలువ కట్టించండి. ఈజ్‌మెంట్‌కు ముందు విలువ 10 లక్షల డాలర్లు, తర్వాత 6 లక్షలు అయితే దానం 4 లక్షలు. పక్కనే మీ కుటుంబానికి వేరే భూమి ఉండి దాని ధర దీనివల్ల పెరిగితే, ఆ పెరుగుదలను తీసేయాలి. అప్రైజర్ ఇచ్చే విలువ నివేదిక (అప్రైజల్) తేదీ దానానికి 60 రోజుల కంటే ముందుది కాకూడదు. అసలు విలువకు రెట్టింపు, అంతకు మించి చూపితే 40 శాతం జరిమానా పడుతుంది.

6. రిటర్ను వేసేముందు, బదులుగా మీరేమైనా పుచ్చుకున్నారో లేదో తెలిపే రసీదు ట్రస్టు నుంచి తీసుకోండి. నగదు కాని దానాలకు రిటర్నుతో ఇచ్చే ఫారం 8283లోని సెక్షన్ బి మీద అప్రైజర్, ట్రస్టు సంతకాలు ఉండాలి. దానం 5 లక్షల డాలర్లు దాటితే అప్రైజల్ కూడా జతచేయాలి.

ఏటా సర్దుబాటు చేసిన స్థూల ఆదాయంలో (రిటర్నులో చూపే ఏజీఐ) 50 శాతం దాకా తగ్గించుకోవచ్చు. మిగిలింది మరో 15 ఏళ్లు వాడుకోవచ్చు. ఏటా 1,50,000 డాలర్ల ఆదాయమున్నవారు 75,000 చొప్పున తీసుకుంటే, పై 4 లక్షలు ఆరో ఏట తీరుతాయి. స్థూల ఆదాయంలో సగానికి పైగా సాగు నుంచే వచ్చే రైతుకు, భూమి సాగుకు అందుబాటులో ఉండాలన్న షరతు మీద, పరిమితి 100 శాతం, మూడేళ్లలో తీరిపోతుంది. 2026 నుంచి ఆదాయంలో తొలి అర శాతం విలువైన దానాలకు మినహాయింపు లేదు, కాబట్టి లెక్క కాస్త మారుతుంది.

వర్జీనియా రాష్ట్రం దానం విలువలో 40 శాతం క్రెడిట్ (రాష్ట్ర పన్నులోంచి నేరుగా తగ్గే మొత్తం) ఇస్తుంది. అయితే రాష్ట్ర క్రెడిట్ 15 శాతం మించితే ఫెడరల్ మినహాయింపులో అంత మేరకు కోత పడుతుంది.

వాటా కొనండి, పెట్టినదానికి నాలుగైదు రెట్లు మినహాయింపు ఇప్పిస్తామంటూ భాగస్వామ్యాలు అమ్మేవారికి దూరంగా ఉండండి. 2022 డిసెంబరు చట్టం ప్రకారం పెట్టుబడికి రెండున్నర రెట్లు మించితే, కుటుంబ భాగస్వామ్యాల వంటి కొన్నిటికి తప్ప, మినహాయింపు పూర్తిగా రద్దవుతుంది.