పాత మెటల్ డిటెక్టర్‌లో ఏం మార్చాలి, ఏం ముట్టుకోకూడదు

ఒహాయోలోని డేటన్‌లో మా అమ్మాయి వాళ్లుంటారు. అక్కడ వేసవి వచ్చిందంటే శనివారం పొద్దున్నే వీధుల్లో గ్యారేజ్ సేల్స్ మొదలవుతాయి. పాత కుర్చీలు, పూలకుండీల మధ్య ఒక్కోసారి మట్టిలో పడిపోయిన నాణేలు వెతికే 1970ల, 80ల నాటి మెటల్ డిటెక్టర్ కనిపిస్తుంది. "పనిచేస్తుందా?" అని అడిగితే "మా నాన్నది, నాకు తెలీదు" అంటారు. గుంటూరు జిల్లాలో ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకుని రిటైరైనదాన్ని. అలాంటి వస్తువు కంటపడితే నా చేతులు ఊరుకోవు.

ఈ పని మొదలుపెట్టేవాళ్లు ముందుగా లోతు మీద ఆశ వదులుకోవాలి. కాయిల్ (నేల మీద ఊపే వైరు చుట్టల పళ్లెం) సైజుకు మించి దూరం పోయాక, నాణెం ఎంత దూరంలో ఉందో దానికి రెట్టింపు దూరానికి వెళ్తే తిరిగొచ్చే సిగ్నల్ సుమారు 64వ వంతుకు పడిపోతుంది. అంటే పంపే సిగ్నల్‌ని రెట్టింపు చేసినా పెరిగే లోతు 12 శాతమే. వోల్టేజీ పెంచి లోతు పెంచుతామని బోర్డులు కాల్చుకునేవాళ్లకు ఈ లెక్క చెప్పాలి. పాత మెషిన్‌లో మనం సాధించగలిగేది నిలకడ. నాబ్ తిప్పితే బరబరలాడకూడదు, కేబుల్ కదిలితే కూయకూడదు, సన్నటి శబ్దం కూడా చెవికి స్పష్టంగా వినపడాలి. నేను చేసే మార్పులన్నీ ఈ మూడింటి కోసమే.

ఏ మెషిన్ కొనాలి? బీఎఫ్ఓ అనే బాగా పాత రకం అయితే గోడకు తగిలించుకోవడానికి బాగుంటుంది, అంతే. తర్వాతవి టీఆర్ రకం, అంటే ఒక చుట్ట సిగ్నల్ పంపితే ఇంకో చుట్ట పట్టుకునేవి. వీటిలో కంపాస్ 77బీకి ఇప్పటికీ అభిమానులున్నారు. అది 100 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. కాయిల్ మేకు మీదికి వెళ్తే శబ్దం తగ్గుతుంది, నాణెం మీదికి వెళ్తే పెరుగుతుంది. మేకులు నిండిన పాత ఇళ్ల స్థలాల్లో దానితో వెతకడం సరదాగా ఉంటుంది కానీ, కాయిల్ ఎత్తు కాస్త మారినా శబ్దం మారిపోతుంది. కొత్తవాళ్లకు నా సలహా 1970ల చివర్లోనూ ఆ తర్వాతా వచ్చిన వీఎల్ఎఫ్ (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ) రకం, నేలలోని ఖనిజాల ప్రభావాన్ని రద్దు చేసే గ్రౌండ్ బ్యాలెన్స్ నాబ్ ఉన్నది. వైట్స్ కాయిన్‌మాస్టర్లు, పాత టెసోరోల్లో కొన్ని ఈ కోవలోవే. ఆ కంపెనీల్లో టెసోరో 2018లో, వైట్స్ 2020లో మూతపడ్డాయి. కాబట్టి రిపేరు భారం మనదే.

కొనడానికి వెళ్లేటప్పుడు కొత్త బ్యాటరీలు, ఒక నాణెం, ఒక మేకు వెంట తీసుకెళ్లండి. మెషిన్ ఆన్ చేసి కాయిల్ దగ్గర కేబుల్‌ని అటూ ఇటూ వంచి చూడండి. కీచుమందంటే లోపల వైరు తెగడానికి సిద్ధంగా ఉందని అర్థం. అప్పుడు ధర తగ్గించమనండి, లేకపోతే వదిలేయండి.

బ్యాటరీ పెట్టెతో మొదలు

పాత మెషిన్లు చచ్చిపోయేది ఎక్కువగా ఇక్కడే. లీకైన బ్యాటరీ రసం కాంటాక్టులను తినేస్తుంది. ఆ రసం ఏ బ్యాటరీదో చూసి శుభ్రం చేయాలి. ఆల్కలైన్ బ్యాటరీ రసం క్షారం, దానికి వెనిగర్ లేదా నిమ్మరసం రాయాలి. పాత జింక్-కార్బన్ సెల్ రసం ఆమ్ల గుణం ఉన్నది, దానికి తడి వంటసోడా. ఒకదానికి బదులు ఇంకొకటి రాసి "ఎంత రుద్దినా పోవడం లేదు" అనేవాళ్లు చాలామంది. ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి.

కాంటాక్టులు మరీ పోయుంటే కొత్త ఏఏ హోల్డర్ పెట్టండి. మెషిన్‌కి 9 వోల్టులు కావాలంటే ఆరు ఆల్కలైన్ సెల్స్ చాలు. రీచార్జబుల్ సెల్ ఒక్కోటి 1.2 వోల్టులే ఇస్తుంది. ఆరు కలిపినా 7.2 దాటవు, మెషిన్ నీరసంగా పలుకుతుంది. ఎనిమిది పెడితే 9.6 వస్తాయి, ఆ కాస్త ఎక్కువను మీ సర్క్యూట్ తట్టుకుంటుందో లేదో చూసుకోండి. యూఎస్‌బీతో చార్జయ్యే 9 వోల్టుల లిథియం బ్యాటరీలు మాత్రం వద్దు. వాటిలో వోల్టేజీ పెంచే చిన్న సర్క్యూట్ ఉంటుంది, అది చేసే గోల అంతా మీ హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తుంది. ప్లస్ వైరులో ఒక షాట్కీ డయోడ్ వేసుకోండి. అది తినేది 0.3 వోల్టులకు అటూ ఇటూ. కానీ ఎప్పుడైనా సెల్స్ తిరగేసి పెడితే బోర్డును కాపాడుతుంది.

బోర్డు మీద ఏది మార్చొచ్చు

ఎలెక్ట్రోలైటిక్ కెపాసిటర్లు నలభై ఏళ్లకు లోపల ఎండిపోతాయి. అదే మైక్రోఫారడ్ విలువ, అంతే వోల్టేజీ లేదా కాస్త ఎక్కువ, 105 డిగ్రీల రకం తెచ్చి ఒక్కొక్కటే తీసి ఒక్కొక్కటే వేయండి. అన్నీ ఒకేసారి పీకితే ఏది ఎటువైపో మరిచిపోతారు. ల్యాబ్‌లో పిల్లలకు ఇది చెప్పీ చెప్పీ నా గొంతు అరిగింది. పీకే ముందు ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి.

పాలిస్టర్, పాలీస్టైరీన్, మైకా కెపాసిటర్ల జోలికి మాత్రం పోకండి. మెషిన్ ఫ్రీక్వెన్సీని నిలబెట్టేవి అవే, అవి సాధారణంగా పాడవవు కూడా. బోర్డు మీది చిన్న ట్రిమ్మర్ స్క్రూలు కూడా అంతే. స్క్రూడ్రైవర్ చేతిలో ఉంది కదా అని తిప్పితే ఫ్యాక్టరీలో చేసిన సెట్టింగ్ పోతుంది, మళ్లీ చేయాలంటే సిగ్నల్ ఆకారం చూపే ఆసిలోస్కోప్ ఉండాలి.

కాయిల్‌ని అసలు విప్పొద్దు. పంపే చుట్ట, పట్టుకునే చుట్ట ఒకదాని ప్రభావాన్ని ఇంకొకటి రద్దు చేసేలా కొలిచి అమర్చి, ఎపాక్సీ పోసి బిగిస్తారు. మిల్లీమీటరు జరిగినా ఆ కాయిల్ ఇక పనికిరాదు. మనం చేయగలిగింది ప్లగ్ దగ్గర మల్టీమీటర్ పెట్టి రెండు చుట్టలూ కలిసే ఉన్నాయో తెగాయో చూడటం. రీడింగ్ వస్తూ పోతూ ఉంటే కేబుల్ కాయిల్‌లోకి వెళ్లే మలుపు దగ్గర వెతకండి.

నాబ్‌లు బరబరలాడితే కాంటాక్ట్ క్లీనర్ లోపలికి కొట్టి, ఈ చివరి నుంచి ఆ చివరికి బాగా తిప్పండి. దీనితోనే సగం మెషిన్లు బాగుపడతాయి.

ఇక నాకు అన్నింటికన్నా ఇష్టమైన మార్పు గ్రౌండ్ బ్యాలెన్స్ నాబ్‌ది. పాత మెషిన్లలో చాలావాటికి అక్కడ ఒక్క చుట్టు కూడా పూర్తిగా తిరగని మామూలు పాట్ (తిప్పితే రెసిస్టెన్స్ మారే భాగం) ఉంటుంది. అంటే 300 డిగ్రీల్లోపే నేల రకాలన్నీ సర్దుకోవాలి. వేలు కాస్త వణికితే సెట్టింగ్ దాటిపోతుంది. దాన్ని తీసేసి పది చుట్ల పాట్ వేస్తే అదే పరిధి 3600 డిగ్రీలకు పరుచుకుంటుంది. పాత పాట్ రెండు చివరి కాళ్ల మధ్య ఓమ్స్ కొలిచి, అదే విలువ ఉన్న లీనియర్ రకం కొనండి. మూడు వైర్లే, కానీ పెట్టెలో చోటుందో లేదో ముందు కొలుచుకోండి, ఈ పాట్ కాస్త పొడుగు. పెట్టగానే మెషిన్ మారిపోయినట్టుంటుంది. నిజానికి మారింది మీ చేతి అదుపే.

హెడ్‌ఫోన్ జాక్ పాతవాటిలో మోనో. ఇప్పటి హెడ్‌ఫోన్ పెడితే ఒక చెవిలోనే వినిపిస్తుంది. స్టీరియో జాక్ వేసి, ఎడమ కుడి కాళ్లు రెండింటినీ కలిపి పాత వైరుకి అతకండి. వాల్యూమ్ నాబ్ ఉన్న హెడ్‌ఫోన్సే కొనండి. పైపైనే ఉన్న డబ్బా మూత మీదికి కాయిల్ వెళ్తే చెవులు గింగురుమంటాయి.

నేలతో మాట కలపడం

మెషిన్‌ని ఆల్ మెటల్ మోడ్‌లో పెట్టి, థ్రెషోల్డ్‌ని, అంటే ఎప్పుడూ వినపడుతుండే శబ్దాన్ని, దోమ రొద అంత సన్నగా ఉంచండి. లోహం లేని చోట కాయిల్‌ని అడుగు ఎత్తు నుంచి నేలకు దించండి. శబ్దం పెరిగితే చాలా మెషిన్లలో గ్రౌండ్ నాబ్‌ని ఎడమకు, తగ్గితే కుడికి తిప్పాలి. దించినా ఎత్తినా ఒకేలా ఉండేదాకా చేయండి. ఏ కాస్తో పెరిగేలా వదిలితే ఇంకా మంచిది. నాణేల వెదుకులాటలో అసలు చదువు ఇదే, మిగతాదంతా నడక.

పనికిరాని లోహాలను వినపడకుండా చేసే డిస్క్రిమినేషన్ నాబ్ విషయంలో అత్యాశ పనికిరాదు. దాన్ని పెంచుకుంటూ పోతే ముందు మేకులు, తర్వాత రేకు ముక్కలు, ఆ తర్వాత సోడా డబ్బాల పుల్ ట్యాబ్‌లు వినపడకుండా పోతాయి. వాటితోపాటే ఐదు సెంట్ల నికెల్ నాణేలు, బంగారు ఉంగరాలు కూడా పోతాయి. ఇంకా పెంచితే 1982 తర్వాతి జింక్ పెన్నీలు (ఒక సెంటు నాణేలు). చివరిదాకా నిలిచేవి పాత రాగి పెన్నీలు, వెండి. నేను మేకులు మాత్రం వినపడనంత దాకా పెట్టి వెతుకుతాను. మంచి శబ్దం రాగానే దాని మీద కాయిల్ ఊపుతూ బొటనవేలితో నాబ్‌ని మెల్లగా పెంచుతాను. శబ్దం ఎక్కడ విరిగిందో అదే వస్తువు జాతకం. మీ మెషిన్‌లో ఏ నాణెం ఎక్కడ విరుగుతుందో ఇంట్లోనే పరీక్షించి నాబ్ చుట్టూ సన్నటి మార్కర్‌తో గుర్తులు పెట్టుకోండి.

1881లో అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటాను వెతకడానికి గ్రాహం బెల్ ఇలాంటి యంత్రమే తెచ్చాడు. మంచం స్ప్రింగుల ఇనుము దానికి అడ్డం పడింది. మనకు అడ్డం పడేవి బూట్ల ముందున్న ఉక్కు, చేతి గాజులు. నేను పెరట్లోకి వెళ్లేముందు బంగారు గాజులు తీసి మట్టిగాజులు వేసుకుంటాను. మనవరాలు నవ్వితే నవ్వనీ.

ఎక్కడ తవ్వాలి

వెండి డైములు (పది సెంట్లు), క్వార్టర్లు (పాతిక సెంట్లు) కావాలంటే 1965కు ముందు కట్టిన ఇళ్లు చూడండి. 1964 దాకా వాటిలో 90 శాతం వెండి ఉండేది. డైమ్ 2.5 గ్రాములు, క్వార్టర్ 6.25 గ్రాములు. పెద్ద చెట్ల కింద, మెట్ల పక్కన, బట్టలారేసే స్తంభాల దగ్గర మొదలుపెట్టండి. ఏ ఇల్లు ఎక్కడుండేదో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని శాన్‌బోర్న్ అగ్నిప్రమాద బీమా మ్యాపుల్లో దొరుకుతుంది. ఇప్పుడు ఖాళీగా ఉన్న స్థలంలో ఒకప్పుడు అంగడి ఉందని వాటిలో చూసినప్పుడు కలిగే ఉత్సాహం వేరు.

యజమాని అనుమతి లేకుండా గేటు దాటొద్దు. దొరికినదాంట్లో ఎవరిదెంతో ముందే మాట్లాడుకోండి. నేషనల్ పార్కుల్లో డిటెక్టర్ వాడటం నేరం. ఫెడరల్ భూముల్లో వందేళ్లు దాటిన పురావస్తువులను తీయడం 1979 చట్టం ప్రకారం శిక్షార్హం. ఊరి పార్కుల నియమాలు ఒక్కో ఊరికి ఒక్కోలా ఉంటాయి, ఆఫీసుకి ఫోన్ చేస్తే చెబుతారు.

ఇండియా నుంచి మా చెల్లెలి కొడుకు ఫోన్ చేసినప్పుడల్లా "పెద్దమ్మా, వచ్చేటప్పుడు ఆ మెషిన్ ఒకటి పట్రావా, ఊళ్లో పాత కోట దగ్గర చూద్దాం" అంటాడు. లంకెబిందెల ఆశ మనవాళ్లను వదలదు. ఒరే నాయనా, అరచేయంత లోతు చూసే మెషిన్‌రా ఇది, బావి లోతు కాదు. పైగా అక్కడ 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా ఉంది. భూమిలో దాచింది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు. రక్షిత కట్టడం దగ్గర తవ్వితే అది వేరే కేసు. నేను తీసుకెళ్లను.

తవ్వేటప్పుడు గడ్డిని మూడు వైపులే కోసి, నాలుగో వైపు వదిలి మూతలా తెరవండి. మట్టిని గుడ్డ మీద పోసుకుంటే తిరిగి నింపడం తేలిక. నాణెం తీశాక గుంటను ఇంకోసారి డిటెక్టర్‌తో చూడండి, జేబులోంచి పడేవి తరచూ జంటగా పడతాయి. ఎండలు ముదిరి గడ్డి వాడినప్పుడు తవ్వొద్దు. ఆ మూత మళ్లీ అతుక్కోదు, యజమాని మళ్లీ పిలవడు.

దొరికిన నాణేన్ని అక్కడే బొటనవేలితో రుద్దొద్దు. మట్టిలోని ఇసుక దాని మీద గీతలు పెడుతుంది, గీతలు పడితే సేకర్తలు విలువ తగ్గిస్తారు. ఇంటికొచ్చాక నీళ్లలో నానబెట్టి కడగడం చాలు. 1916 నాటి మెర్క్యురీ డైమ్ దొరికితే వెనుకవైపు చిన్న డీ అక్షరం ఉందేమో భూతద్దంతో చూడండి. డెన్వర్ టంకశాల ఆ ఏడాది ఆ రకం 2,64,000 మాత్రమే వేసింది. నాకు దొరికినవన్నీ ఫిలడెల్ఫియావే, వాటి మీద ఏ అక్షరమూ ఉండదు.