టైపింగ్ తప్పుకు తప్పు సలహా వస్తోందా?

సమస్య: గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) స్టేటస్ అనే కమాండ్ కొట్టబోతే రెండు అక్షరాలు తారుమారయ్యాయి. తప్పని చెప్పి ఊరుకోకుండా, గిట్ తనే సరిచేసుకుని కమాండ్ నడిపేసింది.

కారణం: హెల్ప్.ఆటోకరెక్ట్ సెట్టింగులో ఎవరో 1 పెట్టి ఉంటారు. అక్కడి అంకె సెకనులో పదో వంతుల లెక్క. 10 పెడితే ఒక సెకను ఆగుతుంది. పాత వెర్షన్లలో 1 అంటే 0.1 సెకను, ఆపడానికి మీరు కంట్రోల్ సి నొక్కేలోపే పని అయిపోతుంది. కొత్త వాటిలో ఆ కాస్త కూడా ఆగదు.

పరిష్కారం: ఆ విలువను ప్రాంప్ట్‌గా మార్చండి, మిమ్మల్ని అడిగాకే నడుపుతుంది. పాత వెర్షన్‌లో అది లేకపోతే 0 పెట్టండి, సలహా చెప్పి ఆగుతుంది. సర్వర్ మీదైతే 0 తప్ప ఇంకేదీ వద్దంటాను.

సమస్య: ప్రోగ్రామింగ్ భాష పైథాన్ అసలు సలహాయే ఇవ్వడం లేదు.

వెర్షన్ చూడండి. వేరియబుల్ పేరు తప్పితే దగ్గరి పేరు చూపించడం 2021లో వచ్చిన 3.10తో మొదలైంది. వెర్షన్ సరిపోయినా రాకపోతే, ఎర్రర్‌ని ఎక్సెప్ట్‌లో పట్టుకుని ప్రింట్ చేస్తున్నారేమో చూడండి. సలహా ట్రేస్‌బ్యాక్‌లోనే (ఎర్రర్ ఎక్కడ వచ్చిందో పైథాన్ చూపే వివరం) కనిపిస్తుంది, కాబట్టి ఎర్రర్‌ని పట్టుకోకుండా వదిలి చూడండి.

సమస్య: కస్టమర్ లిస్టులో ఇంగ్లిష్ అక్షరాల్లో లక్ష్మి (Lakshmi) అని వెతికితే రష్మి (Rashmi) వస్తోంది. ‘ఎక్స్’తో రాసిన లక్ష్మి (Laxmi) మాత్రం రావడం లేదు.

మన పేర్లతో అసలు తలనొప్పి ఇదే. ఈ సలహాలకు ఎక్కువగా వాడేది లెవెన్‌స్టైన్ దూరం: ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీయాలి, మార్చాలి అన్న లెక్క. ఇంగ్లిష్ అక్షరాల్లో లక్ష్మిని రష్మి చేయాలంటే ‘ఎల్’ని ‘ఆర్’గా మార్చి ‘కె’ తీసేస్తే చాలు, దూరం 2. ‘ఎక్స్’ లక్ష్మికి మాత్రం ‘కె, ఎస్, హెచ్’ మూడింటి చోట ‘ఎక్స్’ ఒక్కటే రావాలి, దూరం 3. ప్రోగ్రామ్‌కి ఉచ్చారణతో పని లేదు, దాని లెక్క ప్రకారం రష్మే దగ్గర.

పరిష్కారం: ముందు శబ్దాన్ని పోల్చండి. పేరు పలికే తీరును కోడ్‌గా మార్చే సౌండెక్స్ ఫంక్షన్ చాలా డేటాబేసుల్లో ఉంటుంది; అది రెండు లక్ష్ములకూ ‘ఎల్250’ ఇస్తుంది, రష్మికి ‘ఆర్250’. ఒకే కోడ్ వచ్చినవాటిని మాత్రం దూరం చూసి వరసపెట్టండి. మొదటి అక్షరం దగ్గర సౌండెక్స్ మొండిది: ఈశ్వర్‌ని ఇంగ్లిష్‌లో ఒకరు ‘E’తో, ఇంకొకరు ‘I’తో రాస్తే రెండు కోడ్లు వస్తాయి. అలాంటి పేర్లకు కోడ్ తీసేముందే ఆ రెండు అక్షరాలనూ ఒకటిగా మార్చుకోండి.