సర్వర్‌లోని వాడుకరులందరికీ ఒకేసారి ఈమెయిల్ ప్రకటన పంపే విధానం

హైదరాబాదులోని కళాశాలల ల్యాబుల్లోనూ, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల చిన్న కంపెనీల్లోనూ ఒకే లినక్స్ సర్వర్‌ను చాలామంది పంచుకుని వాడుతుంటారు. మరమ్మతు కోసం దానిని ఆపవలసి వస్తే అందరికీ ముందుగా మెయిల్ పంపాలి. పంపడం నిమిషాల పని. ఎవరెవరికి చేరాలో తేల్చుకోవడమే అసలు పని.

ఖాతాల వివరాలు ఈటీసీ డైరెక్టరీలోని పాస్‌డబ్ల్యూడీ ఫైలులో ఉంటాయి గాని, అందులో మనుషుల ఖాతాలతో పాటు సర్వీసుల (సర్వర్‌లో తమంతట తాము నడిచే ప్రోగ్రాముల) ఖాతాలు కూడా కలిసి ఉంటాయి. ఉబుంటు, డెబియన్ అనే లినక్స్ రకాల్లోనూ, రెడ్‌హ్యాట్ లినక్స్‌లో 7వ వెర్షన్ నుంచీ మామూలు వాడుకరుల ఐడీ సంఖ్యలు 1000తో మొదలవుతాయి. 65534 సాధారణంగా నోబడీ అనే, మనిషిది కాని ఖాతాకు కేటాయించినది. కనుక ప్రతి వరుసలో ఐడీ ఉండే మూడో గడిని చూసి, అది 1000 లేదా అంతకు మించి, 65534 కంటే తక్కువగా ఉన్నవారి పేర్లను, వరుసల నుంచి కావలసిన గడులను ఏరే ఆక్ ఆదేశంతో ఏరుకోవాలి. ఎల్‌డ్యాప్ (సంస్థ ఖాతాలన్నిటినీ ఒకేచోట ఉంచే కేంద్ర జాబితా) ద్వారా లాగిన్ అయ్యేవారు ఈ ఫైలులో కనిపించరు. ఖాతాలను చూపే గెటెంట్ ఆదేశం వారిని కూడా చూపించగలదు గాని, సర్వర్‌ను ఎల్‌డ్యాప్‌తో కలిపే ఎస్‌ఎస్‌ఎస్‌డీ అనే ప్రోగ్రాము ఉన్నచోట, మొత్తం జాబితాను చూపనిచ్చే ఎన్యూమరేట్ సెట్టింగ్ సాధారణంగా ఆపి ఉంటుంది కాబట్టి, వారి జాబితాను నేరుగా ఎల్‌డ్యాప్ నుంచే తీసుకోవడం మేలు.

లాగిన్ పేరుకే మెయిల్ పంపితే, ఫార్వర్డ్ ఏర్పాటు లేనప్పుడు, అది సర్వర్‌లోని లోకల్ మెయిల్‌బాక్సులో పడి ఉంటుంది. దానిని తెరిచి చూసేవారు ఇప్పుడు దాదాపు లేరు. అందువల్ల ప్రతి పేరుకూ ఎదురుగా వారు రోజూ చూసుకునే చిరునామాను సేకరించి, వరుసకొకటి చొప్పున ఒక ఫైలులో రాసి, మెయిల్ మారుపేర్లు (అలియాస్‌లు) ఉండే అలియాసెస్ ఫైలులో ఒక పేరు పెట్టి, ఇన్‌క్లూడ్ పద్ధతిలో ఆ చిరునామాల ఫైలును ఆ పేరుకు జతచేసి, మార్పు అమల్లోకి రావడానికి న్యూఅలియాసెస్ ఆదేశాన్ని నడపాలి. ఈ అలియాస్‌కు బయటివారెవరూ మెయిల్ పంపకుండా సర్వర్‌లో మెయిళ్లను పంపి, అందుకునే ప్రోగ్రాము పోస్ట్‌ఫిక్స్‌లో రిసీపియెంట్ యాక్సెస్ నియమం (ఏ చిరునామాకు ఎవరు మెయిల్ పంపవచ్చో చెప్పే నియమం) పెట్టడం తప్పనిసరి. లేకుంటే ఒక్క స్పామ్ మెయిల్ అందరినీ చుట్టేస్తుంది.

పంపేటప్పుడు టూ గడిలో మీ చిరునామాను, అందుకున్నవారికి కనిపించని బీసీసీ గడిలో అలియాస్‌ను ఉంచండి. అప్పుడు ఎవరైనా రిప్లై ఆల్ నొక్కినా ఆ జవాబు మీ ఒక్కరికే వస్తుంది. తెలుగులో రాస్తే, అక్షరాలు సరిగా కనిపించేందుకు, క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని మెయిల్ హెడర్‌లో ఉందో లేదో చూసుకోవాలి. సమయం రాసేటప్పుడు మరీ జాగ్రత్త అవసరం: సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే, మన శనివారం రాత్రి 10 గంటలు అక్కడ సాయంత్రం 4:30 అవుతాయి. ప్రకటనలో భారత కాలమానమే రాసి, ఆ మాట స్పష్టంగా చెప్పాలి. అన్నట్టు, గణేశ్ నిమజ్జనం రోజున ఇలాంటి పని పెట్టుకోకండి; అవసరం పడితే సర్వర్ గది దాకా చేరడానికి రోడ్డు దొరకదు.

ముందుగా ఒక జీమెయిల్, ఒక ఆఫీసు చిరునామాలకు మాత్రమే పంపి, స్పామ్‌లో పడలేదని నిర్ధారించుకున్నాకే అందరికీ పంపాలి. తరువాత మెయిల్‌క్యూ ఆదేశంతో, ఇంకా బయటికి వెళ్లని మెయిళ్ల క్యూలో ఏమైనా ఆగిపోయాయేమో చూసి, తిరిగొచ్చిన మెయిళ్ల ఆధారంగా సంస్థ విడిచి వెళ్లినవారి చిరునామాలను తొలగించాలి. సర్వర్‌ను ఆపే ముందు, అప్పటికి లాగిన్ అయి ఉన్నవారికి, వారి టెర్మినల్ తెరలపై సందేశం చూపే వాల్ ఆదేశంతో మరోసారి తెలియజేయాలి.