టెక్సస్‌లో హోమ్ ఇన్‌స్పెక్టర్ లైసెన్స్ తెచ్చుకోవడం ఎలా

డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఇల్లు కొన్న ప్రతిసారీ ఎవరో ఒకరు నన్ను ఇదే అడుగుతారు: "కొనేముందు ఇంట్లో లోపాలు చూసే ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన మూడు గంటలు ఇల్లంతా తిరిగి నాలుగైదు వందల డాలర్లు పట్టుకెళ్లాడు, ఆ పని మనం చేయలేమా?" చేయొచ్చు. నేను ఏళ్ల తరబడి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, లేఆఫ్ తర్వాత ఇటు వచ్చినవాణ్ణే. అప్పుడు కోడ్‌లో తప్పులు వెతికేవాణ్ణి, ఇప్పుడు గోడల్లో.

ముందు వీసా సంగతి తేల్చుకోండి. లైసెన్స్ వేరు, పని చేసుకునే హక్కు వేరు. హెచ్-1బి వర్క్ వీసా మీద ఉంటే స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప బయట డబ్బులకి పని చేయకూడదు, అది శనివారం ఒక్క ఇల్లు చూసి రావడమైనా సరే. గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్, హెచ్-4 ఈఏడీ (హెచ్-1బి వాళ్ల భార్యకో భర్తకో వచ్చే పని అనుమతి) ఉన్నవాళ్లు మాత్రం ముందుకెళ్లొచ్చు. అనుమానం ఉంటే లాయర్‌ని అడగండి, వాట్సాప్ గ్రూపుని కాదు.

రెండోది, రూల్స్ రాష్ట్రాన్ని బట్టి మారిపోతాయి. కాలిఫోర్నియాలో, జార్జియాలో ఈ పనికి రాష్ట్ర లైసెన్సే లేదు, కాబట్టి అట్లాంటాలో ఉన్న బావమరిది చెప్పిన దారి ఇక్కడ నడవదు. టెక్సస్‌లో లైసెన్స్ ఇచ్చేది టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్, అందరూ ట్రెక్ అంటారు. వాళ్ల దగ్గర మూడు మెట్లున్నాయి: అప్రెంటిస్, రియల్ ఎస్టేట్ ఇన్‌స్పెక్టర్, ప్రొఫెషనల్ ఇన్‌స్పెక్టర్. మొదటి రెండింట్లో ఇంకో ప్రొఫెషనల్ ఇన్‌స్పెక్టర్ మిమ్మల్ని స్పాన్సర్ చేయాలి, ఆయన చేతి కింద పని చేయాలి. రేపు పోటీకొచ్చేవాణ్ణి ఈరోజు స్పాన్సర్ చేసేవాళ్లు దొరకడం కష్టం. అందుకే చాలామంది నేరుగా మూడో మెట్టుకే వెళ్తారు, నేనూ అంతే.

దానికి 194 గంటల చదువు కావాలి. క్లాసులు 154 గంటలు: బిల్డింగ్ ఇన్‌స్పెక్షన్ రెండు భాగాలు, ఒక్కొక్కటి 40, టెక్సస్ చట్టం 20, స్టాండర్డ్స్ ఆఫ్ ప్రాక్టీస్ (ఇన్‌స్పెక్షన్‌లో కనీసం ఏమేం చూడాలో చెప్పే నియమాలు) 24, రిపోర్ట్ రాయడం 20, వ్యాపారం సంగతులు 10. మిగతా 40 గంటలు ప్రాక్టికమ్, అంటే ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి నిజం ఇళ్లు చూడటం. క్లాసులు ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు, పిల్లలు పడుకున్నాక రోజుకి రెండు గంటలు కూర్చుంటే మూడు నెలల్లోపే అయిపోతాయి. స్కూలుకి ట్రెక్ అనుమతి ఉందో లేదో డబ్బు కట్టకముందే చూసుకోండి. నేను చవగ్గా వస్తోందని ఒక చోట కట్టేశాను, తీరా చూస్తే అందులో ప్రాక్టికమ్ లేదు, దానికి మళ్లీ విడిగా కట్టాల్సి వచ్చింది.

అసలు పని నేర్పేది ప్రాక్టికమే. మొదటి రోజు, ఆగస్టు నెల, పదేళ్ల ఇల్లు. బాత్రూమ్‌లో ఆవిరి బయటికి పంపే ఫ్యాన్ వేశాను, తిరిగింది, టిష్యూ పేపర్ ముక్క పెట్టి చూస్తే పీల్చి పట్టుకుంది, "ఫ్యాన్ పనిచేస్తోంది" అని రాసుకుని బయటికొచ్చాను. ఇన్‌స్ట్రక్టర్ నా కాగితం చూసి ఏమీ అనకుండా యాటిక్ (ఇంటి కప్పు కింద ఉండే ఖాళీ చోటు) నిచ్చెన కిందికి లాగి, పైకి ఎక్కమని వేలు చూపించాడు. లోపల పొయ్యి మీద పెట్టినట్టుంది. మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి చూస్తే ఆ ఫ్యాన్ గొట్టం కప్పు దాటి బయటికి పోవడం లేదు, ఇన్సులేషన్ మీద అలా పడుకుని ఉంది, మూతి దగ్గర చెక్క నల్లబడి ఉంది. పదేళ్లుగా ఆ ఇంట్లో వాళ్లు చేసిన స్నానాల ఆవిరంతా అక్కడికే పోతోంది. కిందికొచ్చాక నా కాగితంలో ఆ లైను కొట్టేసి డి అని రాశాను.

ఆ డి ఏంటంటే, మామూలు ఇళ్ల అమ్మకాల్లో రిపోర్టు మన ఇష్టమొచ్చినట్టు రాయడానికి లేదు, ట్రెక్ ఇచ్చిన ఫారం మీదే రాయాలి. ప్రతి ఐటమ్ పక్కనా నాలుగు గళ్లు: ఐ అంటే చూశాం, ఎన్ఐ చూడలేదు, ఎన్‌పి అసలు అది ఇంట్లో లేదు, డి లోపం ఉంది. కొత్తవాళ్లు డి పెట్టడానికి భయపడతారు, ముఖ్యంగా రియల్టర్ పక్కనే నిలబడి ఉంటే. భయపడకండి, పక్కన ఏం చూశారో, ఎక్కడ చూశారో రెండు ముక్కలు రాసి ఫోటో పెట్టండి.

ఫౌండేషన్ మీద మాత్రం ఎక్కువ టైమ్ పెట్టండి. డాలస్ కింద ఉన్నది మన నల్లరేగడి లాంటి నేలే. గుంటూరు వైపు ఎండాకాలం చేలో నెర్రెలు ఎలా విచ్చుకుంటాయో, వాన పడితే మట్టి ఎలా ఉబ్బుతుందో చూసినవాళ్లకి ఇక్కడ సగం పాఠం ముందే వచ్చినట్టు. ఇల్లు ఆ మట్టి మీద ఒకే స్లాబ్‌గా కూర్చుని ఉంటుంది, ఒక పక్క ఎండి ఇంకో పక్క తడిస్తే తలుపులు పట్టేస్తాయి, తలుపు మూల నుంచి గోడ మీద ఏటవాలుగా పగులు పాకుతుంది.

పరీక్షలు రెండు భాగాలు. జాతీయ భాగంలో 200 ప్రశ్నలు, 4 గంటలు. వాటిలో 25 ప్రశ్నలకి మార్కులుండవు కానీ అవేవో మనకి చెప్పరు. స్కోరు 200 నుంచి 800 మధ్య ఇస్తారు, 500 వస్తే పాస్. ఇందులో బేస్‌మెంట్లు, బాయిలర్లు, మంచు కురిసే ఊళ్ల కప్పులు కూడా వస్తాయి, ఇక్కడ మన జన్మలో చూడనివన్నమాట, వాటిని విడిగా చదవాలి. టెక్సస్ భాగం చట్టం, స్టాండర్డ్స్ మీద ఉంటుంది, స్టాండర్డ్స్ డాక్యుమెంట్ నాలుగుసార్లు చదివితే చాలు.

అప్లికేషన్ పెట్టాక అన్నీ పూర్తి చేయడానికి ఒక ఏడాది టైమ్ ఉంటుంది, అందుకే క్లాసులు చాలావరకు అయ్యాకే పెట్టండి. వేలిముద్రలు ఇవ్వాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది. పాత కేసేదైనా ఉంటే ఫీజులన్నీ కట్టేశాక టెన్షన్ పడే బదులు, ఫిట్‌నెస్ డిటర్మినేషన్ అని ముందే ట్రెక్‌ని అడిగే పద్ధతి ఉంది. ఇన్సూరెన్స్ తప్పనిసరి, ఒక్కో ఘటనకి కనీసం 1,00,000 డాలర్ల కవరేజీ ఉన్న ప్రొఫెషనల్ లయబిలిటీ పాలసీ కావాలి. లైసెన్స్ రెండేళ్లకోసారి రెన్యూవల్, అప్పుడు 32 గంటల చదువు మళ్లీ చూపించాలి.

మనవాళ్లు తెలియక ఇరుక్కునే విషయాలు మూడున్నాయి. మీకు రియల్టర్ లైసెన్స్ కూడా ఉంటే, మీరు ఏజెంట్‌గా ఉన్న ఇంటికే ఇన్‌స్పెక్షన్ చేయకూడదు. ఇన్‌స్పెక్షన్‌లో దొరికిన లోపాన్ని అదే అమ్మకంలో మీరే డబ్బు తీసుకుని బాగుచేయకూడదు. చెదపురుగుల రిపోర్టు ఈ లైసెన్స్ కిందికి రాదు, దానికి టెక్సస్ వ్యవసాయ శాఖ దగ్గర వేరే లైసెన్స్ తీసుకోవాలి.

ఇక పని. పాత ఇళ్లకి కొనేవాళ్లు ఆప్షన్ పీరియడ్‌లోనే ఇన్‌స్పెక్షన్ చేయించుకోవాలి, అంటే ఇల్లు వద్దనుకుంటే వెనక్కి తగ్గడానికి ఒప్పందంలో ఉండే గడువు, అది కొద్ది రోజులే, కాబట్టి ఫోన్ వచ్చిన మర్నాడే వెళ్లగలగాలి. కానీ ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా వైపు మనవాళ్లు కొనేవి ఎక్కువగా కొత్త ఇళ్లు. కొత్తిల్లు కదా ఇన్‌స్పెక్షన్ దేనికి అంటారు. కాంక్రీటు పోయకముందు ఒకసారి, గోడలు మూసేయకముందు ఒకసారి, తాళాలు తీసుకునే ముందు ఒకసారి చూస్తామని చెప్పండి. బిల్డర్ మొదటి ఏడాది వారంటీ అయిపోకముందు పదకొండో నెలలో చేసేది ఇంకొకటి, ఒక వీధిలో ఒక ఇల్లు బాగా చేస్తే ఆ వీధంతా పిలుస్తారు.

సామాను పెద్దగా అక్కర్లేదు: మంచి టార్చి, మడిచే నిచ్చెన, అవుట్‌లెట్ టెస్టర్, తేమ కొలిచే మీటరు. లేసుల్లేని బూట్లు కూడా కొనుక్కోండి. మనవాళ్ల ఇళ్లలో గుమ్మం దగ్గరే బూట్లు విప్పాలి, యార్డుకీ ఇంట్లోకీ గ్యారేజీకీ తిరుగుతూ మూడు గంటల్లో పది పన్నెండుసార్లు విప్పి తొడుక్కుంటారు.