ప్రమేయం చెప్పాలంటే అమీర్‌పేటలో దిగాలి

ఇంటర్ ఫస్టియర్ మ్యాథ్స్ వన్-ఏలో మొదటి పాఠమే ప్రమేయాలు, అంటే ఫంక్షన్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో ట్యూషన్ మొదలుపెట్టిన కొత్తలో బోర్డు మీద నిర్వచనం రాసి, మర్నాడు అప్పజెప్పించుకునేదాన్ని. గడగడా చెప్పేవాళ్లు. నెల తర్వాత ఒకమ్మాయి మెల్లగా అడిగింది: "మేడమ్, ఎఫ్(ఎక్స్) అంటే ఎఫ్‌ని ఎక్స్‌తో గుణించాలా?"

ఇప్పుడు నిర్వచనం మూడో రోజు గానీ తీయను. మొదటి రోజు మెట్రో. ఎడమవైపు స్టేషన్లు, కుడివైపు లైన్ల రంగులు రాసి బాణాలు గీయమంటాను. మియాపూర్‌ ఎరుపుకి, నాగోల్‌ నీలానికి. దిల్‌సుఖ్‌నగర్‌ కూడా ఎరుపుకే. ఇక్కడ సగం మంది "రెండు స్టేషన్లు ఒకే రంగుకి పోతే తప్పు" అంటారు. తప్పు కాదు, కుడివైపు ఎన్ని బాణాలు వచ్చి పడినా మనకు పట్టింపు లేదు. ఇది మళ్లీ మళ్లీ చెప్పాల్సిందే, ఒక్కసారితో దిగదు.

తర్వాత అమీర్‌పేట రాస్తాను. చెయ్యి గాల్లోనే ఆగిపోతుంది: ఎరుపా, నీలమా? రెండూనూ. అంతే, ప్రమేయం కాకుండా పోయింది. అమీర్‌పేట చెరిపేసి చార్మినార్ రాస్తే అసలు బాణమే లేదు, అక్కడికి మెట్రో ఇంకా రాలేదు కదా. అప్పుడూ కాదు. ఎడమవైపున్న ప్రతిదానికీ బాణం ఉందా, ఒక్కటే ఉందా అన్న రెండు ప్రశ్నలూ వాళ్ల నోటే వస్తాయి.

ఆ వెంటనే ఎఫ్(మియాపూర్) = ఎరుపు అని రాయిస్తాను. మియాపూర్‌ని దేంతో గుణిస్తారు?

సూత్రం లేకపోతే ప్రమేయమెలా అవుతుందని కొందరు వాదిస్తారు. కోప్పడకండి, 1748లో గణితవేత్త ఆయిలర్ కూడా ప్రమేయమంటే సూత్రమన్నట్టే రాశాడు.

గ్రాఫులకి నా చేతి గాజు చాలు. గ్రాఫు పేపరు మీద పెట్టి చుట్టూ గీసి, స్కేలుని నిలువుగా పట్టుకుని ఎడమ నుంచి కుడికి జరపమంటాను. అంచుల్లో తప్ప ప్రతిచోటా రెండు చోట్ల తగులుతుంది, అంటే అమీర్‌పేటలాగే రెండు బాణాలు. కింది సగం చెరిపేయమంటాను. ఇప్పుడు ఒక్కచోటే. మరి గాజు దాటి స్కేలు జరిపితే? ఏమీ తగలదు. ప్రదేశం (డొమైన్), అంటే బాణాలు బయల్దేరే ఎడమవైపు జాబితా, అన్న మాట అప్పుడు చెబుతాను, ముందు కాదు.

హోంవర్కు: ప్రమేయం కానిది ఒకటి ఇంట్లో వెతికి తేవాలి. మొన్న ఒకడు ఇంట్లో వాళ్ల పేర్లు ఎడమవైపు, ఫోన్ నంబర్లు కుడివైపు రాసుకొచ్చాడు. "మా నాన్నకి రెండు సిమ్ములు మేడమ్, నానమ్మకి ఫోనే లేదు."