ఎనర్జీ డ్రింక్ లేబుల్ ఎలా చదవాలి? తేడా ఉంటే ఫిర్యాదు ఎలా చేయాలి?

కిరాణా కొట్టు ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకుల పక్కనే ఉంటుంది, 20 రూపాయలకే దొరుకుతుంది. దాంతో పిల్లలు ఎనర్జీ డ్రింక్‌ని కూడా మామూలు కూల్‌డ్రింక్ అనుకునే తాగేస్తున్నారు. దేశంలో ఆహార ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ మాత్రం దీన్ని వేరే లెక్కలో పెట్టింది. ‘కెఫినేటెడ్ బేవరేజ్’ కింద 2016లో తెచ్చిన ప్రమాణం ప్రకారం లీటరుకు కెఫీన్ 145 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, 300 దాటకూడదు. అంతకుముందు ఏడాదే జిన్‌సెంగ్ అనే మూలికను కెఫీన్‌తో కలిపారన్న కారణంతో కొన్ని బ్రాండ్లను మార్కెట్ నుంచి వెనక్కి రప్పించారు.

1. సీసా వెనక్కి తిప్పండి. ముందున్న మెరుపు బొమ్మతో మనకు పని లేదు. చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో ‘హై కెఫీన్’ అన్న మాట, దాని పక్కన అంకె కనిపించాలి. 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు అని ఉంటే, 250 మిల్లీలీటర్ల సీసాలో 75 ఉన్నట్టు.

2. తాగేది ఎవరో చూసి లెక్క వేయండి. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పిన ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజు మొత్తానికి కెఫీన్ పరిమితి 400 మిల్లీగ్రాములు, పిల్లలకు కిలో బరువుకు 3. అంటే 40 కిలోల పిల్లాడికి 120. రెండు సీసాలు తాగితే 150, పరిమితి దాటిపోయినట్టే. ఇంట్లో తాగే కాఫీ, టీ కూడా ఇందులోకే వస్తాయి. ‘రోజుకు 500 మిల్లీలీటర్లకు మించి వద్దు’ అని లేబుల్ మీద ఉండే లైను పెద్దవాళ్ల కోసం. పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు అసలు తాగొద్దనే అదే లేబుల్ చెబుతుంది.

3. కొట్టువాడు ఆపుతాడని అనుకోకండి. పోలండ్‌లో 2024 జనవరి నుంచి 18 ఏళ్ల లోపు వారికి వీటిని అమ్మడం నిషేధం. మన దేశమంతటికీ వర్తించే అలాంటి వయసు నిబంధన లేదు. ఉన్నదల్లా 2020 నాటి స్కూల్ ఆహార నియమాలే: చక్కెర ఎక్కువున్నవాటిని బడిలో గానీ, బడికి 50 మీటర్ల లోపు గానీ పిల్లలకు అమ్మకూడదు. బడి పక్క కొట్లో అమ్ముతుంటే ముందు హెడ్‌మాస్టర్‌కి చెప్పండి. చాలాసార్లు అక్కడితోనే పని అయిపోతుంది.

4. కెఫీన్ అంకె లేకపోయినా, హెచ్చరిక లేకపోయినా ఫిర్యాదు చేయండి. సీసా పారేయొద్దు. బిల్లు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, 14 అంకెల లైసెన్స్ నంబరు కనిపించేలా ఫొటోలు తీసి ‘ఫుడ్ సేఫ్టీ కనెక్ట్’ యాప్‌లో పెట్టండి. ఫోన్‌లో చెప్పాలంటే 1800112100, లేదా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తప్పుడు లేబుల్‌కు 3 లక్షల వరకు, తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల వరకు జరిమానా వేయొచ్చు.

చాలామందికి తెలియని దారి ఇంకొకటి ఉంది. 2006 ఆహార భద్రత చట్టం సెక్షన్ 40 ప్రకారం ఫీజు కట్టి మీరే ల్యాబ్ పరీక్ష చేయించుకోవచ్చు. పరీక్షకు పంపుతున్నట్టు కొనేటప్పుడే దుకాణదారుకి చెప్పాలి, అదే మెలిక. నమూనాలో తప్పు తేలితే ఫీజు వెనక్కి వస్తుంది.

ఫిర్యాదులు బుట్టదాఖలే అని తీసిపారేయకండి. హైదరాబాద్‌కు చెందిన ఒక పిల్లల డాక్టర్ ఏళ్ల తరబడి పట్టుబట్టాకే, 2025 అక్టోబరులో తీపి డ్రింకుల పేర్లలో ‘ఓఆర్ఎస్’ వాడకుండా ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆపింది.

తాగాక గుండె దడ, చేతుల వణుకు, వాంతులు ఉంటే ఫిర్యాదు సంగతి తర్వాత చూద్దాం. ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఖాళీ సీసా కూడా పట్టుకెళ్లండి.